పేర్లు మోసిన మర

1వ రోజు. చుట్లు 42. నీళ్ళు 624 బిందెలు.

గాలిమర పుస్తకంలో "వివరాలు" అనే గడి బెత్తెడు కూడా ఉండదు. నాకు ముందు మర చూసిన తవిటయ్య తాత ఇరవై ఆరేళ్ళ పాటు ఆ గడిలో "బాగుంది" అని రాసి సంతకం పెట్టాడు. పెనుగాలికి మూడిళ్ళ కప్పులు సముద్రంలో కలిసిన రోజున కూడా "బాగుంది" అనే ఉంది. అంటే మర బాగుందని. నాకు అంత పొదుపు చేతకాదు. కాగితాలు అతికించి మరీ రాస్తున్నాను.

ఈ రోజు మరకి తలంటు. నైరుతి గాలి మొదలైన రోజున, సముద్రం మధ్యనున్న మా ఉప్పుమెట్టలో ఇదే పెద్ద పండగ. పసుపు కలిపిన నీళ్ళు బకెట్లతో తెచ్చి చక్రం మీద పోస్తారు. మంచినీళ్ళు మర మీద పొయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది? అందుకని సముద్రపు నీళ్ళే. చక్రం అంచున తొంభై ఆరు గూళ్ళు, గూటికొక అయస్కాంతం. పైన రెక్కలు తిరిగితే కింద గదిలో ఈ చక్రం నిమిషానికి నలభై చిల్లర చుట్లు తిరుగుతుంది, కరెంటు పుడుతుంది, ఆ కరెంటుతో మంచినీళ్ళ మిషను సముద్రంలోంచి ఉప్పు తీసి బిందెలు నింపుతుంది. మూడు వందల మందిమి ఆ నీళ్ళ మీదే బతుకుతున్నాం.

ఇంట్లో పెళ్ళయినా, బిడ్డ పుట్టినా, మనిషి పోయినా ఆ ఇంటివాళ్ళు మరకి ఒక అయస్కాంతం ఇవ్వాలి. ఆ పేరు దాని మీద ఉండాలి. ఫ్యాను రెక్క మీద, ట్యూబులైటు మీద కూడా దాత పేరు రాయించుకున్న వంశాలు మావి, అయస్కాంతాన్ని వదులుతామా? తవిటయ్య తాత ఆ పేర్లు ఎనామిల్ రంగుతో రాసేవాడు. ఉప్పుగాలికి రెండు మూడేళ్ళలో వెలిసిపోయేవి. జనం గొణిగారు. అప్పుడు ఊరిపెద్ద అచ్చియ్యమ్మత్తకి నేను గుర్తొచ్చాను. నా పేరు నూకరత్నం. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టడం మా అమ్మ నుంచి వచ్చిన పని. నేను కొట్టిన పేరు గిన్నె అరిగినా చెరగదు. అలా ఏడాది కిందట మర నా చేతికొచ్చింది.

అప్పజెప్పేటప్పుడు తాత చెప్పింది ఒక్కటే ముక్క: "నిప్పుకి సూపకు, ఉప్పుకి ఇప్పకు." నిప్పు సంగతి నాకు తెలుసు. వేడెక్కితే అయస్కాంతం సత్తువ పోతుంది. రెండో సగం ముసలాయన ప్రాస కుదరాలని చేర్చాడనుకున్నాను.

5వ రోజు. చుట్లు 44. నీళ్ళు 588.

అచ్చియ్యమ్మత్తకి మనవరాలు పుట్టింది. ఆవిడ అయస్కాంతం తెచ్చింది. పాతకాలపు లిఫ్టు మోటారులోంచి తీసినదట, పోకచెక్కంత మందం, అగ్గిపెట్టెంత వెడల్పు. దాని మీద ఏం చెక్కాలో కాగితం మీద రాసుకొచ్చింది: "శ్రీమతి బలగ అచ్చియ్యమ్మ, ఉప్పుమెట్ట అధ్యక్షురాలు, వారి మనవరాలు చి. జలజ జన్మించిన శుభ సందర్భమున."

"అత్తా, ఇది అయస్కాంతం, శుభలేఖ కాదు," అన్నాను.

"నీ సేతికి కష్టమేటే రత్తం? సన్నంగా సెక్కు. ఒక్క అచ్చరం తగ్గినా ఒప్పుకోను."

ఆ మాట అంటూ ముందుకు వంగింది. బొడ్లో దోపుకున్న తాళాల గుత్తి ఎగిరి వచ్చి బల్ల మీది అయస్కాంతానికి టక్కున అంటుకుంది. దాని వెనకాలే చీర కుచ్చిళ్ళు సగం ఊడొచ్చాయి. అచ్చియ్యమ్మత్త ఒక చేత్తో చీర, ఒక చేత్తో తాళాలు పట్టుకుని ఐదు నిమిషాలు అయస్కాంతంతో కుస్తీ పట్టింది. నేను సాయం చెయ్యలేదు, నవ్వాపుకోవడానికే నా రెండు చేతులూ చాల్లేదు.

ఒక్కక్షరం తగ్గకుండా చెక్కాను. మొత్తం నలభై ఒక్కటి చెక్కినట్టయింది. గర్వంగా ఉంది, రాసుకుంటే తప్పేముంది?

నీళ్ళు కాస్త తగ్గాయి. మిషను జల్లెడలో నాచు ఉండి ఉంటుంది, రేపు కడగాలి.

9వ రోజు. చుట్లు 47. నీళ్ళు 536.

జల్లెడ కడిగాను. నాచు లేదు. నీళ్ళు ఇంకా తగ్గాయి.

చుట్లు మాత్రం పెరిగాయి! గాలి మొన్నటి గాలే, మర మాత్రం రయ్యిమని తిరుగుతోంది. వలలకి వెళ్ళేవాళ్ళు కూడా ఆగి చూసి, "రత్తం సెయ్యి పడితే మరకి కూడా వయసొచ్చింది" అంటున్నారు. నాకూ అలాగే అనిపించింది. తిరుగుడు బాగుంది కనుక దోషం నీళ్ళ మిషనుదేనని తేల్చేశాను.

మధ్యాహ్నం తవిటయ్య తాత వచ్చి మర గది గుమ్మంలో కూర్చున్నాడు. మా ఆయన పేరు గురువులు. నాకు అన్నం తెచ్చి అక్కడే ఉన్నాడు. ఆయనది గాజు పని. వలలకి కట్టే గాజు బుడ్లు ఊదుతాడు. మెళ్ళో ఎప్పుడూ వంగపువ్వు రంగు కళ్ళద్దాలు వేలాడుతుంటాయి. కొలిమిలో గాజు కరిగేటప్పుడు లేచే పసుపుపచ్చ వెలుగుని ఆ అద్దాలు మింగేస్తాయట. అప్పుడు లోపలి గాజు స్పష్టంగా కనబడుతుంది. అయస్కాంతాల్లో ఉండే నియోడిమియమే ఆ అద్దాల్లోనూ ఉంటుందని ఆయన చెబితే పెళ్ళయిన కొత్తలో నేను నమ్మలేదు. పరీక్షించడానికి గుండుసూది పెట్టి చూశాను. అంటుకోలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ మాట మీద వెక్కిరిస్తూనే ఉన్నాడు.

తాత గాలి లేని రోజుల్లోనే వస్తాడు. చక్రం ఆగితేనే పేర్లు చదవగలం కదా. ఊళ్ళోవాళ్ళంతా అంతే, గాలి పడిపోయిన పూట వరసగా వచ్చి తమ పేర్లు చూసుకుని పోతారు. ఈ రోజు మర తిరుగుతుంటే వచ్చాడేమని అడిగాను.

"పోలమ్మ పోయిన తిథి," అన్నాడు.

పోలమ్మ ఆయన భార్య, పోయి పదకొండేళ్ళు. ఆవిడ అయస్కాంతం పదిహేడో గూట్లో ఉంది. తను రాసిన రంగు వెలిసిపోయి, మళ్ళీ రాద్దామంటే కళ్ళు కనబడక, పోయిన చలికాలంలో సిగ్గుపడుతూ నా దగ్గరికి తెచ్చాడు. "అందరికీ సెక్కినావు కదా, దానికీ సెక్కు. పక్కన సేవంతి పువ్వొకటి," అన్నాడు. ఎనిమిది రేకుల చేమంతి చెక్కాను. నా చేతిలోంచి వచ్చిన పనుల్లో అదే గొప్పది.

"ఆవిడ ఎలా ఉండేది తాతా?" అని గురువులు అడిగాడు.

"దానికి రెండే సీరలుండీవి. పగలంతా వంగపువ్వు రంగు సీర, పనిలోకి. దీపాలేలకి కాళ్ళూ మొగం కడుక్కుని నీలం సీర మార్సీది. ఊరంతా సేపల కంపులో ఉన్నా అది మటుకు మార్సీది. అది సీర మార్సితే, ఇంకేటి, పొద్దు పోనాదని నాను మర దిగి ఇంటికెల్లీవోడిని."

ఆ తర్వాత చాలాసేపు తిరిగే చక్రాన్నే చూస్తూ కూర్చున్నాడు.

13వ రోజు. చుట్లు 50. నీళ్ళు 479.

నీళ్ళ మిషను మొత్తం విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాను. ఒక బోల్టు మిగిలింది. మళ్ళీ విప్పాను. దాని చోటు దొరికింది. నీళ్ళు మాత్రం పెరగలేదు.

ఇక దాచి లాభం లేదు, భయమేస్తోంది. ముప్ఫయ్యో రోజున మరల లెక్క చూసే గాలిబోర్డు పడవ వస్తుంది. ఒక రోజంతా ఉండి బిందెలు లెక్కపెడతారు. నాలుగు వందలకి ఒక్క బిందె తగ్గినా మరని విప్పి పడవలో వేసుకుపోతారు. మర లేని మెట్ట మీద మనుషులుండటానికి వీల్లేదు. మూడు వందల మందినీ ఒడ్డుకి తీసుకెళ్ళి కొండ మీది వరస కొట్టాల్లో పెడతారు. రెండేళ్ళ కిందట మాకు ఉత్తరాన ఉన్న ఇంకో మెట్టకి అదే జరిగింది. వాళ్ళ వలలు ఇప్పటికీ ఆ కొట్టాల గోడలకి వేలాడుతున్నాయట.

ఇరవై ఆరేళ్ళు తాత చేతిలో నిలిచిన ఊరు ఏడాదికే నా చేతిలో ఖాళీ అయిపోతే నేను మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

16వ రోజు. చుట్లు 53. నీళ్ళు 431.

అచ్చియ్యమ్మత్త బిందెకి అరబిందె కోత పెట్టింది. స్నానాలు సముద్రంలోనే. ఊరంతా ఉప్పు పట్టి గోక్కుంటోంది.

సిగ్గు విడిచి తవిటయ్య తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన రేడియో చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. పుస్తకం తెరిచి అంకెలన్నీ చదివాను. చుట్లు పెరుగుతున్నాయని ముందు చెప్పుకుని, నీళ్ళు తగ్గుతున్నాయని తర్వాత చెప్పాను.

తాత రేడియో ఆపేశాడు.

"గుంటా, ఎద్దు ఎప్పుడు ఉరుకుతాదో నీకు ఎరికేటి?"

"మేత ఎక్కువైతే."

"కాదు. బండిలో బరువు దిగిపోతే. సూదంటురాళ్ళు బలంగా ఉంటే పక్కనున్న రాగి తీగ సుట్టలు సక్రాన్ని ఎనక్కి లాగుతాయి. గాలి దాన్ని ముందుకి లాగాల. ఆ పెనుగులాటలోనే కరెంటు పుడతాది. నీ మర ఉరుకుతున్నాదంటే పెనుగులాట లేదన్నమాట. ఎల్లి రాళ్ళు సూడు. బేగి ఎల్లు."

నాకు నలభై మూడేళ్ళు. ఇంకా నన్ను చిన్నపిల్లని పిలిచినట్టు గుంటా అనేవాడు ఆయనొక్కడే. ఈ రోజు ఆ మాటకి తగ్గట్టే పరిగెత్తాను.

17వ రోజు. చుట్లు 0. మర ఆపాను. నీళ్ళు, నిల్వలోంచి పంచినవి 380.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనే దొంగనైతే నేనెలా పట్టుకుంటాను?

తాత రంగుతో పేర్లు రాసిన పాత అయస్కాంతాలు నిగనిగలాడుతూ ఉన్నాయి. నేను చెక్కిన నలభై ఒక్కటీ పాడయ్యాయి. అయస్కాంతానికి పైన నికెల్ తొడుగు ఉంటుంది, వెండిలా మెరుస్తుంది. అందం కోసమనుకున్నాను. కాదు, అది దాని ఒంటి మీద బట్ట. లోపల ఉన్న నియోడిమియానికి గాలన్నా తేమన్నా పడదు, ఉప్పయితే ఇక చెప్పనే అక్కర్లేదు. నేను పేరు కొట్టిన ప్రతి గీతా ఆ బట్టలో ఒక చిరుగు. తలంటు రోజున పోసిన ఉప్పునీళ్ళు, ఆ తర్వాత రోజూ కొట్టే ఉప్పుగాలి ఆ చిరుగుల్లోంచి లోపలికి దిగాయి. అక్షరాలు ఉబ్బాయి, తొడుగు పొరలు పొరలుగా లేచింది, లోపల బూడిద రంగు పిండి.

ఉప్పుకి ఇప్పకు. ప్రాస కాదది.

ఇరవై తొమ్మిదింటికి పైపైనే తుప్పు. పన్నెండు పూర్తిగా పోయాయి. ఎంత ఎక్కువ చెక్కితే అంత ఎక్కువ తిన్నది. అచ్చియ్యమ్మత్త శుభలేఖ పన్నెండు రోజులకే పుచ్చిన పన్నులా అయింది. అన్నిటికన్నా ఘోరం పదిహేడో గూడు. ఎనిమిది రేకుల కోసం నేను లోతుగా దిగాను. వేలు తగిలించగానే పోలమ్మ పేరూ, పువ్వూ కలిసి నా అరచేతిలో రాలిపోయాయి.

గది గడప మీద కూర్చుని ఏడ్చాను. గురువులు వచ్చి పక్కన కూర్చున్నాడు. తర్వాత లేచి గాజు బుడ్డి ఒకటి తెచ్చి, ఆ పిండిని కుంచెతో ఊడ్చి అందులో పోశాడు. మిగతా పదకొండింటినీ వేరే బుడ్డిలో.

"దీన్నేం చేసుకుంటావు మావా?" అన్నాను.

"పారెయ్యడమెందుకు? మెట్ట మీద ఏదీ పారెయ్యం కదా," అన్నాడు.

18వ రోజు. మర ఆగే ఉంది. నీళ్ళు, నిల్వలోంచి 310.

ముందు తాతకి చెప్పాలి. ఊరికి తర్వాత.

చెప్పాను. తాత ముందు పువ్వు సంగతే అడిగాడు.

"పువ్వు కూడా పోనాదేటి?"

"పోయింది తాతా. నా వల్లే."

"ఉప్పుకి ఇప్పొద్దని నీకు సెప్పింది నానే. దాన్ని తీసుకొచ్చి నీ సేతిలో పెట్టిందీ నానే. రంగు ఎలిసిపోతే ఎలిసిపోనీ అనుకోలేకపోనాను. సగం నాది, సగం నీది." మళ్ళీ తనే అన్నాడు, "ఆ గూట్లో మటుకు ఎవులిదీ పెట్టకు. కాళీగా ఉంచు."

సరే అన్నాను. ఆయన మాటకి కాదనే మొహం నాకు లేదు.

సాయంత్రం చేపలారబెట్టే మంచె మీద ఊరంతా చేరింది. నిలబడి, నలభై ఒక్క పేర్లూ చదివి, "వీటిని నేనే పాడుచేశాను" అని చెప్పాను. అచ్చియ్యమ్మత్త లేచింది. నా పని అయిపోయిందనుకున్నాను.

"అచ్చరం తగ్గకూడదన్నది నాను. రంగు ఒద్దు, సెక్కాలని పంతం పట్టింది ఈ ఊరు. దాన్నొక్కదాన్నీ అంటే ఒప్పుకోను," అని ఊరి మీదికి తిరిగింది. తర్వాత నా మీదికి తిరిగి, "ఇప్పుడేటి సేద్దామే? ఏడుపు తర్వాత ఏడుద్దువు," అంది.

పన్నెండు అయస్కాంతాలు కావాలన్నాను. పదకొండు చాలు, అని మళ్ళీ దిద్దుకున్నాను.

22వ రోజు. నీళ్ళు, నిల్వలోంచి 260.

మా తీరపు నల్ల ఇసకలో నియోడిమియం ఉంది. కానీ కవలల్లాంటి లోహాలతో కలిసిపోయి ఉంటుంది. విడదీయడం మాలాంటి వాళ్ళ వల్ల కాదు. మాకు దిక్కు పాతకాలపు చెత్తే. ఊరు ఊరంతా ఇళ్ళు గాలించుకుంది.

ఒకరు బీరువా తలుపు పట్టీ తెచ్చారు. ఒకరు పడవ పంపు మోటారు తెచ్చారు. పాతకాలం మనుషులు చెవుల్లో పెట్టుకుని పాటలు వినే బొత్తాలు తొంభై నాలుగు పోగయ్యాయి. ఒక్కొక్కదాంట్లో కందిబద్దంత అయస్కాంతం. చిన్నదే, గట్టిది. అచ్చియ్యమ్మత్త తన నడుం నొప్పి పట్టీ విప్పి ఇచ్చింది. అందులో వరసగా పద్దెనిమిది అయస్కాంతపు బిళ్ళలున్నాయి. "నొప్పి తగ్గిందేటి అత్తా?" అంటే, "ఏడేళ్ళ నుంచి తగ్గుతానే ఉన్నాది," అంది.

చిన్న బిళ్ళలన్నీ పేర్చి, జిగురులో పోసి, గూటికి సరిపడా ఇటుకల్లా చేస్తున్నాం. ఒకసారి రెండు పెద్దవి ఒకదాని మీదికొకటి ఎగిరి మధ్యలో నా చూపుడువేలు నొక్కుకుంది. వేలు ఉబ్బింది, అయస్కాంతం మూల చిట్లింది. ఇంత బలం ఉండీ పింగాణీలా పగులుతుంది ఈ లోహం. నేను "ఓలమ్మో" అంటుంటే గురువులు ముందు అయస్కాంతాన్ని చూశాడు. ఆ సంగతి నేను మర్చిపోను.

తవిటయ్య తాత ఎనామిల్ డబ్బా, కుంచె పట్టుకుని వచ్చాడు. పిస్తా రంగు. తుప్పు గోకి ఆరబెట్టిన ఇరవై తొమ్మిదింటికీ, కొత్తవాటికీ తనే పూస్తానన్నాడు. "కళ్ళు కనబడవు కదా తాతా?" అన్నాను. "పేరు రాయడానికి కళ్ళు గావాల. పూయడానికి సెయ్యి సాలు," అన్నాడు. రెండు పూతలు, మూడు పూతలు. తన చొక్కాకి ఒక పూత.

27వ రోజు. చుట్లు 31. నీళ్ళు 352.

తొంభై అయిదు గూళ్ళు నింపి మర వదిలాం. గూటి పక్క గూడు ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం అని మార్చి మార్చి పెట్టాలి. ఒకటి తిరగేసి పెట్టాను, పట్టుకుని సరిచేశాను.

రాళ్ళు లాగుతున్నాయి. ఎద్దు బండికి మళ్ళీ బరువెక్కింది. కానీ పదిహేడో గూడు ఖాళీగా ఉండటంతో చక్రం ఒక పక్కకి ఊగుతోంది. పూర్తిగా వదిలితే ఇరుసు విరుగుతుంది. రెక్కలు సగం ముడిచి నడుపుతున్నాను.

28వ రోజు. చుట్లు 32. నీళ్ళు 361.

ఖాళీ గూట్లో సీసపు ముక్క పెడదామని చూశాను. ఊపు కాస్త తగ్గింది కానీ రెక్కలు పూర్తిగా విప్పేంత కాదు, పైగా ఆ చోట కరెంటు పుట్టదు. నీళ్ళు 361 దాటలేదు. ఎల్లుండే పడవ.

తాతకి ఈ సంగతి ఎవరూ చెప్పొద్దని ఊరందరికీ చెప్పాను. చెప్పొద్దన్నాక ఈ ఊళ్ళో ఏది దాగింది? పొద్దు వాలక ముందే తాత తన రేడియో పట్టుకుని వచ్చాడు. అది లేకపోతే ఆయనకి రోజు గడవదు.

"దీంట్లో ఒకటుంటాది. తీసుకో. దాని గూట్లో పెట్టు. అది ఉంటే నన్ను తిట్టీది, ఊరికి నీల్లు లేకపోతే నా గూడు కాళీగా ఉంచుతావేటి అని."

రేడియో పుచ్చుకోలేదు. ఇంటికి వెళ్ళి, చెక్కపెట్టెలోంచి పేర్లు కొట్టే మిషను తీశాను. మా అమ్మ ముప్ఫై ఏళ్ళు, నేను ఇరవై మూడేళ్ళు వాడినది. దాని పిడికిలంత మోటారులో నాలుగు మంచి అయస్కాంతాలున్నాయి. స్క్రూలు ఒక్కొక్కటే ఊడదీశాను. ఇక ఈ ఊళ్ళో ఎవరి గిన్నె మీదా పేరు పడదు.

నాలుగూ కలిపి ఇటుక పోసి తాత ముందు పెట్టాను. ఆయన దాన్ని వేళ్ళతో తడిమాడు.

"నీ మిషనుదేటి ఇది?"

"అవును తాతా."

"పేరు సెక్కలేదు కదా?"

"ఇంక దేంతో చెక్కను?"

తాత నవ్వాడు. ఇన్నాళ్ళలో ఆయన నవ్వడం అదే మొదటిసారి. కుంచె ముంచి, నాలుగు పూతలు పూశాడు.

30వ రోజు.

అంకెలు చివర రాస్తాను.

గాలిబోర్డు పడవ తెల్లవారగానే వచ్చింది. లెక్కల మేడమ్ కొత్తావిడ. మర గదిలో అడుగుపెట్టి, "పోయిన నెల నివేదికలో ప్రతి అయస్కాంతం మీదా పేరుందని రాశారు. ఇప్పుడిన్ని ఉత్త పిస్తా రంగులో ఉన్నాయేమిటి?" అని అడిగింది.

"పేర్లు మారాం చేస్తుంటే బయటికి పంపాం మేడమ్," అన్నాను.

గురువులు తలుపు పక్క గోడకి గుడ్డ కప్పిన పలకొకటి బిగించి ఉంచాడు. నాలుగు రోజులుగా కొలిమి దగ్గరికి నన్ను రానివ్వలేదు. ఆ పిండిని యాసిడ్ మందునీళ్ళలో కరిగించి, ఇనుము వేరు చేసి, మిగిలినదాన్ని కాల్చి గాజులో కలిపాడట. తన కళ్ళద్దాలు చేసుకునే పద్ధతే. గుడ్డ తీశాడు. తలుపులోంచి పడే ఎండలో వంగపువ్వు రంగు గాజు బిళ్ళలు, నలభై ఒకటి. ప్రతి బిళ్ళ మీదా గాజుతోనే పోసిన పేరు. చక్రం ఆగేదాకా ఎవరూ కాచుకోనక్కర్లేదు, గాలి ఉన్నా లేకున్నా చదువుకోవచ్చు. అచ్చియ్యమ్మత్త బిళ్ళ మిగతావాటికి నాలుగింతలుంది. అయినా ఆవిడ దగ్గరగా వచ్చి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి లెక్కపెట్టి, తృప్తిపడింది.

పదిహేడో గూటి బిళ్ళని విడిగా పోశాడు. మొదటి బుడ్డిలోని పిండి దాంట్లోనే వేశాడు, వేరేదేదీ కలపలేదు. పోలమ్మ, పక్కన చేమంతి. రేకులు ఆరే వచ్చాయి. ఎనిమిది నా వల్లే అవుతాయని ఒప్పుకున్నాడు.

తాత దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "దాని సీర రంగే," అన్నాడు. మళ్ళీ గోడకి పెట్టించి, కింద గడప మీద కూర్చున్నాడు.

రోజంతా బిందెలు నిండుతూనే ఉన్నాయి. మేడమ్ గీతలు గీస్తూనే ఉంది. మూడు వందలు దాటినప్పుడు నా నోరెండిపోయింది. నీళ్ళు తాగుదామంటే అది కూడా ఒక గ్లాసు తగ్గుతుందేమోనని తాగలేదు. మూడు వందల తొంభై. తొంభై అయిదు. అచ్చియ్యమ్మత్త కళ్ళు మూసుకుంది. నాలుగు వందలు అనగానే ఊరంతా అరిచిన అరుపుకి మేడమ్ చేతిలోని పెన్ను జారి తిరిగే చక్రం మీది కొత్త అయస్కాంతానికి అంటుకుంది. చక్రం ఆపి ఆ ఇనప పెన్ను ఊడలాగడానికి ఇద్దరం పట్టాల్సొచ్చింది. మంచి బలం.

పొద్దు గూకింది. పడవకి పోటు రావాలి, మేడమ్ ఆగింది. చీకటి పడుతోందని మర గది ట్యూబులైటు వేశాను. ముప్ఫై రోజుల్లో దాన్ని వెయ్యడం ఇదే మొదటిసారి. కరెంటంతా నీళ్ళకే పోసుకున్నాం కదా.

లైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. గోడ మీద ఉన్న గాజంతా, నలభై ఒక్క బిళ్ళలూ, మా కళ్ళ ముందే వంగపువ్వు రంగు వదిలేసి నీలంగా మారాయి. ఎవరూ తాకలేదు. నేను ఉలిక్కిపడి గురువులు వైపు చూశాను. ఆయన కళ్ళద్దాలు కూడా మెళ్ళో నీలంగా ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా పగటిపూట ఎండలోనో, ఇంట్లో నూనెదీపం ముందో చూశాను కనుక నాకు తెలియలేదు. ఆయనకి ఎప్పుడో తెలుసు. ఎండలో ఒక రంగు, ట్యూబులైటులో ఒక రంగు, ఆ లోహం గుణమే అంత. తొమ్మిదో రోజున తాత చీరల సంగతి చెప్పినప్పుడు పక్కన కూర్చుని విన్నాడు, మనసులో పెట్టుకున్నాడు.

తాతకి కళ్ళు సరిగా కనబడవు. కానీ రంగు తెలుస్తుంది. గడప మీంచి గోడ పట్టుకుని లేచి, పదిహేడో బిళ్ళ దగ్గరికి మెల్లగా వెళ్ళి, మొహం ఆనించినట్టుగా నిలబడ్డాడు. వెనక చక్రం బరువుగా, నిదానంగా తిరుగుతోంది.

"అదిగో, సీర మార్సీసినాది," అన్నాడు తాత. భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "ఇంకేటి, పొద్దు పోనాది. నాను ఇంటికెల్తాను."

చుట్లు 40. నీళ్ళు 438 బిందెలు.

వివరాలు: బాగుంది.